శివరాత్రిలోగా పెరట్లో కూరమళ్ళు వేయాలి: బోరు నీళ్లు ఉప్పన, సగం నేల నీడ

పెరటిగట్టు | జనవరి 18, రాత్రి 9:20

అందరికీ నమస్కారమండి. సంక్రాంతికి ఊరొచ్చాం, ఇక ఇక్కడే ఉండిపోతున్నాం. అమలాపురానికీ ముమ్మిడివరానికీ మధ్యలో మా అత్తగారి ఊరు. ఇంటి వెనక తూర్పు పడమరలుగా 22 అడుగులు, ఉత్తర దక్షిణాలుగా 14 అడుగులు ఖాళీ జాగా ఉంది. ముప్పావు సెంటు కూడా రాదు. ఒకప్పుడు మా అత్తయ్యగారు అందులోనే ఇంటికి సరిపడా కూరలు పండించేవారట. మోకాళ్ల నొప్పుల వల్ల మూడేళ్లుగా వదిలేశారు. ఇప్పుడు నిండా తుంగ.

దక్షిణం వైపు పక్కింటివాళ్ల షెడ్డు గోడ, 10 అడుగుల ఎత్తు. దాని నీడ మధ్యాహ్నం కూడా సగం నేల మీద పడుతోంది. పడమర రెండు కొబ్బరి చెట్లు. మట్టి నల్లగా జిగురుగా ఉంది, ఎండితే నెర్రెలిస్తుంది. గోడ మూల తెల్లగా పొర కట్టింది, ముట్టుకుంటే వేలికి పొడిలా అంటుతోంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, తాగం. పంచాయతీ కుళాయి పొద్దున్న గంటసేపు వస్తుంది.

వంగ, బెండ, ఆనప, టమాటా, మిరప, ఆకుకూరలు వేయాలని ఉంది. మొక్కలు పెంచిన అనుభవం నాకు లేదు. శివరాత్రిలోగా ఏవేం చేసుకోవాలి? మొదట ఏది మొదలుపెట్టాలి?

లంకగట్టు | జనవరి 18, రాత్రి 10:05

విత్తనాలు ఇప్పుడే కొనకమ్మా. ముందు తుంగ సంగతి చూడు. పైపైన చెక్కితే వారంలో మళ్లీ లేస్తుంది. దాని బలమంతా కింద గడ్డలో ఉంటుంది. పారతో జానెడు లోతు తిరగేసి గడ్డలు చేత్తో ఏరుకోవాలి. వారం ఆగి లేచినవి మళ్లీ ఏరు, ఇంకో వారానికి ఇంకోసారి. చిన్న రోటవేటర్ తెస్తానని ఎవరైనా అంటే వద్దను. అది గొలుసుగా ఉన్న గడ్డల్ని తెంపి నేలంతా చల్లుతుంది.

నల్లమట్టి తవ్వడానికి పదును చూసుకోవాలి. గుప్పెడు మట్టి తీసి పిసుకు. ముద్దయి, బొటనవేలితో నొక్కగానే పొడిగా విరిగితే అదే పదును. వేలికి సాగి అంటుకుంటే రెండు రోజులు ఆగు. తడిలో తవ్వితే పెళ్లలు ఎండి ఇటుకలవుతాయి, వాటిని సుత్తితో కొట్టినా పగలవు.

మేడమొక్కలు | జనవరి 19, ఉదయం 6:40

పాలకొల్లు నుంచండి. మాకు నేల లేదు, మేడ మీద డ్రమ్ములు, సంచులే. మీకు నేల ఉండటం అదృష్టం. అయినా మిరపకి, కొత్తిమీరకి నాలుగైదు సంచులు విడిగా పెట్టుకోండి, నీళ్లు ఉప్పనైన చోట బాగా అక్కరకొస్తాయి. మన దగ్గర కొబ్బరి పొట్టు ఎంత కావాలంటే అంత దొరుకుతుంది కానీ పచ్చిది నేరుగా వాడకండి. అందులో ఉప్పు, వగరు ఉంటాయి. గోనెసంచిలో పోసి మంచినీళ్లతో మూడుసార్లు నానబెట్టి పిండాలి. మొదటిసారి టీ డికాక్షన్‌లాంటి నీళ్లొస్తాయి, మూడోసారికి రంగు పలచబడుతుంది.

ఉప్పుటేరు | జనవరి 19, ఉదయం 8:15

మాది నరసాపురం అవతల, సముద్రానికి దగ్గర. మీరు రాసినదాంట్లో నా కన్ను తుంగ మీద పడలేదండి, బోరు నీళ్ల మీద పడింది. నాకు జరిగింది చెబుతాను.

మూడేళ్ల కిందట ఇలాగే మాఘమాసంలో ఉత్సాహంగా మొదలుపెట్టాను. బీన్స్, మిరప, టమాటా వేశాను. ఫిబ్రవరి అంతా పచ్చగా కళకళలాడింది. వచ్చినవాళ్లందరికీ చూపించుకున్నాను. మార్చి చివర బీన్స్ ఆకుల అంచులు గోధుమరంగులో కాలినట్టయ్యాయి. తెగులనుకుని మందు కొట్టాను. ఎండ దెబ్బేమోనని ఇంకా ఎక్కువ నీళ్లు పోశాను. నీళ్లు పోసేకొద్దీ ఎక్కువైంది. ఏప్రిల్ పది నాటికి బీన్స్ పోయింది, మిరప పూత రాల్చేసింది, టమాటా నిమ్మకాయంత కాసి ఆగిపోయింది.

తరవాత నీళ్లు పరీక్ష చేయిస్తే అసలు సంగతి తెలిసింది. మా బోరు నీటి ఇ.సి. (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే అంకె) జనవరిలో 1.8 ఉంటుంది, మే నెలలో 3.4 చూపించింది. కాలువలు పారుతున్నంతకాలం వాటి ఊట భూమిలోకి దిగి బోరులో ఉప్పును పలచన చేస్తుంది. దాళ్వా (రెండో వరి పంట) చివరికొచ్చి ఏప్రిల్‌లో కాలువలకి నీళ్లు ఆపేశాక ఆ ఊట ఆగిపోతుంది. చుట్టూ రొయ్యల చెరువులున్న ఊళ్లలో ఇది ఇంకా ఎక్కువ. అంటే మొక్కకి దాహం ఎక్కువైన నెలలోనే నీళ్లు చెడతాయి.

అందుకే ఫిబ్రవరిలో ఏం విత్తాలో మే నెల నీళ్లని బట్టి తేల్చుకోవాలండి. విత్తనాల సంగతి తరవాత, ముందు ఒక సీసాలో బోరు నీళ్లు, ఇంకో సీసాలో కుళాయి నీళ్లు పట్టి పరీక్షకి ఇవ్వండి.

గుర్తుకి: పూర్తి కాపు రావాలంటే పోసే నీటి ఇ.సి. బీన్స్‌కి 0.7, మిరపకి 1, పాలకూర జాతికి 1.3, టమాటాకి, కీరదోసకి 1.7, బీట్‌రూట్‌కి 2.7 దాటకూడదంటారు. దాటితే మొక్క చావదు, కాపు తగ్గుతూ వస్తుంది.

పెరటిగట్టు | జనవరి 19, మధ్యాహ్నం 2:30

చాలా థాంక్సండి. ఇది చదివాక టెన్షన్ వచ్చింది కానీ ముందే తెలిసింది. తెల్ల పొర చూసి పక్కింటి బాబాయిగారు "చౌడమ్మా, జిప్సం వెయ్యి" అన్నారు. ఒక బస్తా తెప్పించమంటారా? ఇంకోటి, ఒక ట్రాక్టర్ అతను చెరువు పూడిక మట్టి చవగ్గా తోలిస్తానంటున్నాడు. నల్లగా బలంగా ఉంటుందట.

ఉప్పుటేరు | జనవరి 19, మధ్యాహ్నం 2:41

ఆ మట్టి వద్దండి! రొయ్యల చెరువు అడుగుమట్టి అయితే అసలు వద్దు. చూడటానికి నల్లగా బలంగానే ఉంటుంది, నిండా ఉప్పు. మా వీధిలో ఒకరు రెండు ట్రక్కులు పోయించుకుని రెండేళ్లు గడ్డి కూడా మొలవక, మళ్లీ కూలీలను పెట్టి ఎత్తించారు. ఏ చెరువుదో మీ కళ్లతో చూస్తే తప్ప ఒప్పుకోకండి.

మట్టిపరీక్ష | జనవరి 19, రాత్రి 8:50

ముప్పై ఏళ్లు మట్టి పరీక్షల పనిలోనే ఉన్నాను, ఇప్పుడు రిటైరయ్యాను. జిప్సం గురించి కాస్త వివరంగా రాస్తాను, ఎందుకంటే ఈ పొరపాటు ఊరూరా జరుగుతుంది.

చౌడు రెండు రకాలు. తెల్లగా పొర కట్టేది పాల చౌడు. అందులో కరిగే లవణాలు ఎక్కువ, పి.హెచ్. (మట్టి పులుపో క్షారమో చెప్పే అంకె) 8.5 లోపే ఉంటుంది. దానికి మందు మంచినీళ్లూ మురుగు దారీ మాత్రమే. జిప్సం కూడా ఒక లవణమే, అక్కడ వేస్తే ఉప్పు మీద ఉప్పు వేసినట్టు. రెండోది కారు చౌడు. పి.హెచ్. 8.5 దాటుతుంది, మట్టి రేణువులకు సోడియం పట్టుకుని ఉంటుంది, వాన పడితే నీళ్లు ఇంకక నల్లగా నిలుస్తాయి. జిప్సం పని చేసేది దీనికి. అందులోని కాల్షియం సోడియాన్ని తోసేస్తుంది, ఆ తరవాత నీళ్లు పెట్టి కడగాలి. మీది ఏదో తెలియకుండా బస్తా కొనవద్దు.

నమూనా తీసే పద్ధతి: ఎరువు వేయకముందే తీయాలి. జాగా మొత్తం మీద అయిదారు చోట్ల పైనున్న గడ్డి, చెత్త తీసేసి, ఇంగ్లీషు వి అక్షరంలా ఆరంగుళాల గొయ్యి తవ్వండి. గొయ్యి పక్క గోడ నుంచి అంగుళం మందాన పైనుంచి కిందదాకా చెక్కండి. అన్నీ గుడ్డ మీద కలిపి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలు పారేయండి. అరకిలో మిగిలేదాకా అలా చేసి నీడలో ఆరబెట్టండి. తెల్ల పొర ఉన్న మూల నమూనా విడిగా, ఇంకో సంచిలో. రెండూ కలిపితే రెండింటి సంగతీ తెలియదు. బోరు పది నిమిషాలు ఆడించాక నీళ్లు పట్టండి. సీసాని ఆ నీళ్లతోనే కడిగి నింపాలి.

రిపోర్టు వచ్చాక ఒకటి గమనించండి. పుస్తకాల్లో పాల చౌడుకి ఇ.సి. 4 దాటాలని ఉంటుంది. అది తడి ముద్ద నుంచి పిండిన నీటి లెక్క. మన ల్యాబుల్లో మామూలుగా ఒక వంతు మట్టికి రెండున్నర వంతుల నీళ్లు కలిపి చూస్తారు, అంకె చిన్నగా వస్తుంది. ఆ పద్ధతిలో 1 లోపుంటే నిశ్చింతగా ఉండండి, 2 దాటితే చాలా కూరగాయలకి కష్టం.

లెక్కలమాస్టారు | జనవరి 20, ఉదయం 7:00

నీడ గురించి ఎవరూ రాయలేదు, అది నేను చెబుతాను. గోడ దక్షిణాన ఉంది కాబట్టి ఈ నెలలో నీడ చూసి నేల వదిలేయకండి. ఉత్తరాయణం మొదలైంది, ఆ నీడ వెనక్కి పోతుంది.

మన అక్షాంశం దాదాపు పదహారున్నర డిగ్రీలు. 10 అడుగుల గోడకి సంక్రాంతినాడు మిట్టమధ్యాహ్నం నీడ ఏడున్నర అడుగుల పైచిలుకు. ఫిబ్రవరి పదికి ఆరు అడుగులు. మార్చి 21కి మూడే అడుగులు. మే మొదటి వారంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, గోడకి నీడే ఉండదు. అంటే మీరు విత్తేసరికి ఆరు అడుగులు, మొక్క పూతకొచ్చేసరికి మూడు అడుగులు. గోడ నుంచి మూడు అడుగులు వదిలి మళ్లు వేసుకోండి. నమ్మకం కుదరకపోతే ప్రతి ఆదివారం పన్నెండుంబావుకి నీడ చివర ఒక పుల్ల గుచ్చండి, నాలుగు వారాల్లో పుల్లల వరసే చెబుతుంది.

ఆనప, బీర పందిరి మాత్రం ఉత్తరపు అంచున వేయండి. మధ్యలో వేస్తే దాని నీడ మిగతా మొక్కల మీద పడుతుంది.

చిక్కుడుపాదు | జనవరి 20, మధ్యాహ్నం 3:10

అమ్మాయ్, మీ అత్తగారిని అడిగావా? ఆ నేల ఆవిడ చేతి కింద పండినదే కదా. ఎక్కడ ఏది కాసిందో, ఎక్కడ నీళ్లు నిలుస్తాయో ఆవిడకి తెలిసినంత మాకెవరికీ తెలియదు. కుర్చీ వేసి పెరట్లో కూర్చోబెట్టు. పని నువ్వు చెయ్యి, ఆవిడ చెబుతారు.

చిక్కుడు ఇప్పుడు వేయకు. పాదు బాగా పాకుతుంది కానీ పొద్దు పెరిగే రోజుల్లో మన నాటు చిక్కుడు పూయదు. ఎవరి పాదైనా ఉంటే రథసప్తమికి రథం కట్టుకోవడానికి కాయలు కోసుకుని, నాలుగైదు ముదురు కాయలు పాదు మీదే ఎండనిచ్చి విత్తనానికి దాచుకో. వానాకాలంలో పెట్టుకుందువుగాని.

కడియందారి | జనవరి 20, సాయంత్రం 6:25

నేను నర్సరీలో పనిచేస్తానండి. కడియం చుట్టుపక్కల నారు కొనేవాళ్లకి ఒక మాట. టమాటా నారు పూతతో ఉన్నది తీసుకోకండి. చూడ్డానికి బాగుంటుంది, కానీ ట్రేలో వేరు చుట్టుకుపోయి ముదిరినట్టు. జానెడు లోపు, కాండం పెన్సిలు కన్నా సన్నగా, నాలుగైదు ఆకులున్నది మంచిది. ఆకు తిప్పి కింద తెల్లదోమ ఉందేమో చూడండి. వేర్ల మీద బుడిపెలుంటే నులిపురుగు, ఆ ట్రే మొత్తం వదిలేయండి. ఒక చోట కొన్న పది మొక్కలతో మా చెల్లెలి పెరడంతా నులిపురుగు పట్టింది, ఇప్పటికీ బెండ ఎదగదు.

లంకగట్టు | జనవరి 20, రాత్రి 9:30

టమాటా ఇప్పుడు విత్తనం వేస్తే ఆలస్యమమ్మా. నారు పోసి, పీకి, నాటి, పూత వచ్చేసరికి ఏప్రిల్. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా ఉక్కపోస్తుంటే పూత నిలవదు. తినాలని ఉంటే ఈ నెలాఖరులోగా నాలుగు నారు మొక్కలు తెచ్చి నాటుకో. వంగ ఎండకి తట్టుకుంటుంది. బెండ, గోరుచిక్కుడు, ఆనప, బీర, పొట్ల, కాకర, దోసలకి ఇదే అదును. చలి తగ్గాక వేయి, బెండ గింజ చలికి మొలవడానికి బద్ధకిస్తుంది. ధనిష్ఠ కార్తె, అంటే ఫిబ్రవరి ఆరు తరవాత పెట్టు.

ఆకుకూరల్లో పాలకూర, మెంతి, కొత్తిమీర ముందే చల్లేయాలి. మార్చి ఎండకి ఆకు పెట్టక పూతకి పోతాయి. తోటకూర, గోంగూర, బచ్చలికి తొందర లేదు.

పెరటిగట్టు | ఫిబ్రవరి 2, రాత్రి 8:00

రిపోర్టులొచ్చాయండి! మళ్లు వేసే చోట మట్టి పి.హెచ్. 7.9, ఇ.సి. 0.7. తెల్ల పొర మూలలో పి.హెచ్. 8.1, ఇ.సి. 2.4. బోరు నీళ్లు 2.3, కుళాయి 0.6.

అత్తయ్యగారిని కుర్చీలో కూర్చోబెట్టాను. ఆ మూల చూడగానే "అక్కడ నా రోజుల్లో తెల్లగా ఉండేది కాదు, బట్టల బండ అటు జరిపాక వచ్చింది" అన్నారు. నిజమే. నాలుగేళ్ల కిందట బండని గోడ దగ్గరికి మార్చారట. రోజూ బోరు నీళ్లతో ఉతికిన సబ్బు నీళ్లు అక్కడే నిలిచి ఎండుతున్నాయి. ఇన్నాళ్లూ ఎవరికీ తట్టలేదు.

తుంగ రెండుసార్లు ఏరాను, రెండు తట్టల గడ్డలొచ్చాయి.

మట్టిపరీక్ష | ఫిబ్రవరి 2, రాత్రి 9:15

మీ అత్తగారు చెప్పినదే కారణం. మట్టి మంచిదేనండి, జిప్సం అక్కరలేదు. బండ నీళ్లను పైపు వేసి కొబ్బరి చెట్ల వైపు మళ్లించండి, కొబ్బరి ఆ మాత్రం ఉప్పుకి తట్టుకుంటుంది. ఆ మూలని ఈ వేసవికి వదిలేయండి. అడుగు లోతు మట్టిలో ఉప్పు సగానికి తగ్గాలంటే దాని మీద అర అడుగు మంచినీళ్లు ఇంకాలి. కుళాయితో అది కాని పని, వానాకాలం ఉచితంగా చేసిపెడుతుంది. నీళ్లు బయటికి పోయేలా చిన్న బోదె తీసి ఉంచండి చాలు.

భోగి బూడిద దాచి ఉంటే మళ్లలో కుమ్మరించకండి. పి.హెచ్. ఇప్పటికే 7.9 ఉంది, బూడిద దాన్ని ఇంకా పెంచుతుంది. గుప్పెడు బూడిద వేరే పనికి ఉంచుకోండి: ఆనప, దోస మొలకల మీద ఎర్ర పెంకు పురుగు వాలినప్పుడు మంచు తడి ఆరకముందే ఆకుల మీద పలచగా చల్లడానికి.

లెక్కలమాస్టారు | ఫిబ్రవరి 3, ఉదయం 6:55

నీళ్ల లెక్క వేశాను. కొబ్బరి మొదళ్ల నుంచి ఏడు అడుగులు వదలండి, దాని వేర్లలో ఎక్కువ భాగం ఆ మేరలోనే ఉంటాయి. గోడ నుంచి మూడు అడుగులు వదలండి. మిగిలిన చోట 12 అడుగుల పొడవు, 3 అడుగుల వెడల్పుతో మూడు మళ్లు, మధ్యలో అడుగు అడుగు దారులు పడతాయి. మొత్తం 108 చదరపు అడుగులు, పది చదరపు మీటర్లు.

చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. మార్చిలో రోజుకి 5 మిల్లీమీటర్లనుకుంటే 50 లీటర్లు, మేలో 7 అనుకుంటే 70 లీటర్లు. 15 లీటర్ల బిందెతో అయిదు బిందెలు. కుళాయి గంటలో ఇంటి వాడకం పోగా ఇన్ని బిందెలు మిగులుతాయా? ఇప్పుడే ఒక వారం కొలిచి చూసుకోండి.

ఉప్పుటేరు | ఫిబ్రవరి 3, ఉదయం 9:40

మాస్టారి లెక్కకి నా లెక్క కలుపుతాను. బోరు 2.3, కుళాయి 0.6. సగం సగం కలిపితే 1.45. టమాటా, దోసకి సరిపోతుంది. మిరపకి సరిపోదు, ఒక బిందె బోరుకి మూడు బిందెల కుళాయి కలిపితే 1కి వస్తుంది. మిరపని సంచుల్లో పెట్టుకోమని మేడమొక్కలు గారు చెప్పింది అందుకే మంచి మాట. విత్తిన దగ్గర్నుంచి మొదటి మూడు వారాలు మాత్రం అన్నింటికీ ఒట్టి కుళాయి నీళ్లే పోయండి. మొలకకి ఉన్నంత సుకుమారం పెద్ద మొక్కకి ఉండదు.

రోజూ కాసిని కాసిని చిలకరించకండి. పైపైన తడిపితే నీరు ఆవిరై ఉప్పు పైన మిగులుతుంది. రోజు విడిచి రోజు, రెండు రోజుల నీళ్లూ ఒకేసారి, వేరు కిందికి దిగేలా పోయండి. వరిగడ్డి నాలుగంగుళాల మందాన కప్పితే ఆవిరి తగ్గుతుంది, ఉప్పు పైకి ఎక్కడమూ తగ్గుతుంది. మా పెరట్లో నన్ను నిలబెట్టింది ఆ గడ్డే.

ఏప్రిల్ చివర బోరు నీళ్లు మళ్లీ పరీక్ష చేయించండి. 3 దాటితే మొక్కలకి వాడకండి. రెండు మళ్లు ఖాళీ చేసి, ఉన్న కుళాయి నీళ్లని ఒక్క మడికే పెట్టుకోవాలి. ఖాళీ మళ్లలో తొలకరికి జీలుగ చల్లి, పూతకి ముందు మట్టిలో కలిపేయవచ్చు. అది ఉప్పుకి ఓర్చుకుంటుంది.

లంకగట్టు | ఫిబ్రవరి 3, రాత్రి 9:10

మళ్లు దారి కంటే ఎనిమిది అంగుళాలు ఎత్తు చెయ్యమ్మా. నల్లమట్టిలో పల్లంగా ఉంటే వేరు కుళ్లుతుంది. ఇసుక కలపమని ఎవరైనా అంటే నాలుగు తట్టలు కలిపి సరిపెట్టకు, జిగట మట్టిలో కొంచెం ఇసుక సున్నం కలిపినట్టు గట్టిపడుతుంది. దాని బదులు మడికి నాలుగు గంపల మాగిన పశువుల గెత్తం, అరకిలో వేపపిండి. గెత్తం మాగిందో లేదో చేతిలోకి తీసుకుంటే తెలుస్తుంది: వేడి ఉండదు, పేడ వాసన పోయి వాన పడిన మట్టి వాసన వస్తుంది. పచ్చి పేడ వేస్తే వేరుపురుగు, చెదలు వస్తాయి. కోళ్ల ఎరువు వద్దు, అందులోనూ ఉప్పుంటుంది.

ట్రైకోడెర్మా (కుళ్లు తెగుళ్లని అణిచే మంచి బూజు పొడి) దొరికితే ఆ గెత్తంలో కలిపి, నీడలో తడి గోనె కప్పి వారం ఉంచి అప్పుడు వెయ్యి. వంగ మొదళ్లు కుళ్లవు.

మేడమొక్కలు | ఫిబ్రవరి 4, సాయంత్రం 5:00

కొబ్బరి కింద ఆకులు నల్లగా మసి పట్టినట్టు ఉంటాయా అక్కా? ఉంటే అది చెట్టు మీది తెల్లదోమ వదిలే జిగురు మీద పెరిగే బూజు. సర్పిలాకార తెల్లదోమ 2016లో మన దేశంలో కనబడ్డప్పటి నుంచి కోనసీమలో ఇదే బాధ. అరటి, జామ మీదికీ వస్తుంది. చెట్టుకి దగ్గరగా పడే మొక్కల ఆకులు వారానికోసారి నీళ్లతో కడిగేయండి. ఘాటైన మందులు కొట్టొద్దు, దాన్ని తినే చిన్న కందిరీగ జాతి పురుగు ఎన్‌కార్సియా కూడా చచ్చిపోతుంది. చెట్టుకే ఎక్కువగా ఉంటే అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానంలో అడగండి.

పెరటిగట్టు | ఫిబ్రవరి 9, మధ్యాహ్నం 1:20

అక్కా, ఉన్నాయి, నల్లగానే ఉన్నాయి. కడుగుతాను. కుళాయి వారం రోజులు కొలిచాను. ఇంటి వాడకం పోగా రోజుకి నాలుగు బిందెలు మిగులుతున్నాయి. మార్చికి చాలు, మేకి చాలదు.

మూడు మళ్లూ అయ్యాయి. నిన్న ఉత్తరపు మడి అంచున సరివి కర్రలు పాతి కొబ్బరి తాడుతో పందిరి కట్టాం. దాని కింద ఆనప రెండు గుంటలు, బీర ఒకటి. నడిమి మడిలో బెండ. అర్కా అనామిక దొరికింది, పల్లాకు తెగులుకి తట్టుకుంటుందని అదే తెచ్చాను. రాత్రంతా నానబెట్టి మూరకో వరసగా, వరసలో జానెడుకి రెండేసి గింజలు పెట్టాను. గోడ వైపు మడిలో వంగ పన్నెండు, టమాటా నాలుగే, సందుల్లో పాలకూర. మిరప సంచుల్లో. కొబ్బరి దగ్గర నీడలో ఏమీ వేయలేదు. అక్కడేం వేయొచ్చు?

చిక్కుడుపాదు | ఫిబ్రవరి 9, సాయంత్రం 4:45

కొబ్బరి నీడకి కందే తల్లీ. ఇప్పుడు కాదు, వైశాఖం దాటాక ముక్కలు పెట్టుకో. కొవ్వూరు పరిశోధన స్థానం నుంచి వచ్చిన గజేంద్ర రకమైతే దురద ఉండదు. పక్కనే కంచెకి బచ్చలి పాకించు, కంద బచ్చలి కూరకి రెండూ పెరట్లోవే అవుతాయి. పందిరి మాత్రం చెట్టు కిందికి రాకుండా చూసుకో, మట్ట పడితే పాదంతా పోతుంది.

ఆనప పూత వచ్చాక సాయంత్రాలు పందిరి కిందికి వెళ్లు. ఆ పువ్వు పొద్దుగూకే వేళ విచ్చుకుంటుంది. తెల్లటి పల్చటి రేకులు, ముట్టుకుంటే నలిగిపోతాయి. పొడవాటి సన్న కాడ మీద ఒంటరిగా ఉన్నది మగ పువ్వు. పువ్వు కింద వేలెడు కాయ, నూగుతో వెండిలా మెరుస్తూ ఉంటే అది ఆడ పువ్వు. తేనెటీగలు రాని పెరడైతే మగ పువ్వు కోసి, రేకులు వెనక్కి ఒలిచి, మధ్యలో పసుపు పొడిని ఆడ పువ్వు మధ్య మెల్లగా రాయి. ఒక మగ పువ్వు రెండింటికి వస్తుంది. అందిన పిందె మూడో రోజుకి తల కిందికి వంచుతుంది. అందనిది కొస నుంచి పసుపెక్కి రాలిపోతుంది. చాలామంది దాన్ని తెగులనుకుంటారు. బీర కూడా సాయంత్రమే పూస్తుంది. దోస, కాకర పొద్దున్న.

కడియందారి | ఫిబ్రవరి 9, రాత్రి 7:30

పిందెలు మెత్తబడి లోపల పురుగుంటే మాత్రం అది పండు ఈగ. ఎర బుట్ట పెట్టేటప్పుడు క్యూలూర్ అనే ఎర అడిగి తీసుకోండి. మామిడికి పెట్టే ఎర పాదుల ఈగకి పని చేయదు. రాలిన పిందెలు కుప్ప వేయకుండా లోతుగా పూడ్చేయండి.

పెరటిగట్టు | ఫిబ్రవరి 27, ఉదయం 7:15

నిన్న శివరాత్రి జాగారం. తెల్లవారుజామున పెరట్లోకి వెళ్లి చూసొచ్చి రాస్తున్నాను.

బెండ ఏడో రోజు మొలిచింది. అరవై గింజలకి యాభై రెండు వచ్చాయి. మట్టిని పెచ్చులా పైకెత్తి, వంగిన మెడతో కిందనుంచి లేచాయి. రెండు చోట్ల పెచ్చు గట్టిపడి లేవలేకపోతే అత్తయ్యగారు కుర్చీలోంచి వంగి చీపురు పుల్లతో మెల్లగా పగలగొట్టారు. ఆ రెండూ బతికాయి. ఆనప మూడో ఆకు వేసింది. ఎర్ర పెంకు పురుగు ఒక ఆకుని జల్లెడ చేసింది, బూడిద చల్లాక మళ్లీ రాలేదు. వంగలో ఒకటి పోయింది. పాలకూర మొదటి కోత కోశాం. కోళ్లు రెండుసార్లు గడ్డి కెలికేశాయి, పాత చేపల వల కట్టాం.

మాస్టారు చెప్పిన పుల్లలు నాలుగు వరసగా ఉన్నాయి. మొదటిదానికీ నాలుగోదానికీ మధ్య రెండు అడుగులకి కొంచెం తక్కువ.

బండ నీళ్లు కొబ్బరికి మళ్లించాం. మూలలో తెల్లపొర కొత్తగా కట్టడం లేదు. అత్తయ్యగారు రోజూ పొద్దున్న ఎవరూ పిలవకుండానే కర్ర పట్టుకుని పెరట్లోకి వచ్చేస్తున్నారు. దారి గట్ల మీద గోంగూర చల్లమంటున్నారు. ఇప్పుడు చల్లొచ్చా? నీళ్లు ఏవి పోయాలి?

ఉప్పుటేరు | ఫిబ్రవరి 27, ఉదయం 8:02

చల్లేయండి. మొలిచేదాకా కుళాయి నీళ్లు, జానెడు ఎత్తు వచ్చాక సగం సగం. గోంగూర తట్టుకుంటుంది, మా ఇంట్లో మే నెలాఖరుదాకా కోశాం. బోరు పరీక్ష ఏప్రిల్ చివర చేయించడం మరవకండి, అంకె ఇక్కడ రాయండి.

చిక్కుడుపాదు | ఫిబ్రవరి 27, ఉదయం 8:30

ఎర్ర కాడ గోంగూర విత్తనం నా దగ్గరుంది తల్లీ, పుల్లగా ఉంటుంది. పచ్చడికి అదే బాగుంటుంది. అమలాపురం వచ్చేవాళ్లతో పంపిస్తాను. మీ అత్తగారిని అడిగానని చెప్పు.